సాహసం పూర్వాశ్రమం

మనుషులకు మల్లే కొన్ని మాటలకు కూడా పూర్వాశ్రమం ఉంటుంది. ఇవాళ కాషాయం కట్టి నలుగురిచేతా నమస్కారాలు అందుకొంటున్న స్వాములవారు పాతికేళ్ళ కిందట ఏ ఊళ్ళో ఏం చేసి వచ్చారో మనకు తెలియదు. అడగడం మర్యాద కూడా కాదు. మన తెలుగులో 'సాహసం' అనే మాట సరిగ్గా అటువంటిది. చెరువులో మునిగిపోతున్న పిల్లవాణ్ణి జుట్టు పట్టుకొని ఒడ్డుకు లాగినవాణ్ణి సాహసి అంటాం. ప్రభుత్వం ఏదైనా కొత్త చట్టం తెస్తే పత్రికలవారు 'సాహసోపేతమైన నిర్ణయం' అని పెద్దక్షరాలతో వేస్తారు. ఇంత పరువుగా బతుకుతున్న మాట ఒకప్పుడు నేరాల పట్టీలో ఉండేదంటే నమ్మబుద్ధి కాదు. కాని ఉండేది. అందులోనూ దొంగతనం కంటే పై మెట్టు మీద ఉండేది.

మనుస్మృతిలో రాజు విచారించవలసిన తగవులను 18 పద్దుల కింద విడదీశారు. అప్పు తీర్చకపోవడం, దాచమని ఇచ్చిన సొమ్ము దిగమింగడం, జీతం ఎగవేయడం, పొలిమేర తగాదా, తిట్టడం, కొట్టడం ఇలా సాగుతుంది ఆ వరస. అందులో దొంగతనం పక్కనే మరొక పద్దు ఉంది. దాని పేరు సాహసం. రెండింటికీ తేడా ఏమిటంటే, సొత్తుగలవాడి కళ్ళెదుటే బలవంతాన చేసిన పని సాహసం. అతడు లేనప్పుడు చాటుగా చేసింది దొంగతనం. ఈ బలం మాట పుట్టుకలోనే ఉంది. సంస్కృతంలో 'సహస్' అంటే బలం, జబర్దస్తీ. 'సహసా' అంటే ఉన్నపళంగా, ముందువెనుకలు చూడకుండా అని. భారవి కిరాతార్జునీయంలో, ఉడికిపోతున్న భీముడికి ధర్మరాజు తొందరపడవద్దని హితవు చెప్పింది ఈ మాటతోనే.

మనువు అంతటితో ఊరుకోలేదు. నోటిదురుసు వాడికంటే, దొంగకంటే, కర్రతో కొట్టినవాడికంటే సాహసం చేసినవాడు ఎక్కువ పాపి అని తేల్చాడు. వాణ్ణి చూసీ చూడనట్టు వదిలే రాజు త్వరలోనే చెడతాడని హెచ్చరించాడు కూడా. ఇక జుర్మానాల సంగతి. 250 పణాల జుర్మానాకు ప్రథమ సాహసమని పేరు. 500 అయితే మధ్యమ సాహసం. 1000 పణాలు ఉత్తమ సాహసం. అంటే నేరం పేరే శిక్షకూ పెట్టారన్నమాట. అమరసింహుడు కూడా తన కోశంలో సాహసం, దమం, దండం అనే మూడింటినీ ఒకే బంతిలో కూర్చోబెట్టాడు. చిన్నతనంలో అమరం వల్లెవేసిన పెద్దలు ఏ ఇంట్లోనైనా ఉంటే అడిగి చూడండి, ఠక్కున అప్పజెపుతారు. 'వానికి ఉత్తమ సాహసం విధించిరి' అనే వాక్యం ఇవాళ్టి మా కాలేజీ పిల్లల ముందు పెడితే, ఎవరికో సర్కారువారు పతకం ఇచ్చారనుకొంటారు. పాపం, వాళ్ళ తప్పు ఏముంది?

ఇదంతా సంస్కృతంవారి గొడవ, మనకెందుకు అనవచ్చు. అలా తోసిపుచ్చడానికి వీల్లేదు. 13వ శతాబ్దంలో మూలఘటిక కేతన, యాజ్ఞవల్క్యస్మృతికి విజ్ఞానేశ్వరుడు వ్రాసిన మితాక్షర వ్యాఖ్యను తెలుగు పద్యాల్లోకి తెచ్చి 'విజ్ఞానేశ్వరీయం' అనే పేరు పెట్టాడు. ఆచార, వ్యవహార, ప్రాయశ్చిత్త కాండలని అందులో మూడు భాగాలు. చదువుకొన్న తెలుగువారు ధర్మశాస్త్రాన్ని తెలుగులోనే తెలుసుకొనే వీలు అప్పుడే కలిగింది. కాబట్టి, రచ్చబండ మీద కూర్చొని తగవులు తీర్చే పెద్దల్లో చదువుకొన్నవారికైనా సాహసం పూర్వాశ్రమం తెలిసే ఉండాలి.

మరి ఈ నేరస్థుడు పెద్దమనిషి ఎప్పుడయ్యాడు? తేదీ చెప్పడం సాధ్యం కాదు గాని, పెద్దమనిషిని చేసినవాళ్ళలో ఒకరి పేరు చెప్పవచ్చు. విక్రమార్కుడు. ఆ మహారాజుకు సాహసాంకుడని బిరుదు ఉంది, అంటే సాహసమే గుర్తుగా కలవాడని. 15వ శతాబ్దంలో మన తెలంగాణ కవి కొరవి గోపరాజు 'సింహాసన ద్వాత్రింశిక' వ్రాశాడు. భోజరాజు ఆ సింహాసనం ఎక్కబోయినప్పుడల్లా ఒక్కొక్క సాలభంజిక అడ్డుపడి, విక్రమార్కుడి వంటి గుణాలు ఉంటేనే ఎక్కుమంటూ కథ చెబుతుంది. ఆ కథల్లో ఆయన చేసే పని తరచుగా ఒకటే. ఎవరో ముక్కూమొహం తెలియనివాడి కష్టం తీర్చడానికి అమ్మవారి ఎదుట తన కత్తి తన మెడమీదే పెట్టుకొంటాడు. దేవి ప్రత్యక్షమై చెయ్యి పట్టుకొంటుంది. ఏమడుగుతావంటే ఆ వరం కూడా ఆ పరాయివాడికే ఇప్పిస్తాడు. నాకు తోచేది ఏమంటే, కత్తి ఎదుటివాడి మెడమీద ఉన్నంతకాలం సాహసం నేరంగా ఉంది. అది తిరిగి తన మెడమీదికే వచ్చినరోజున గుణమయింది. బలం అదే, తెంపరితనం అదే, లెక్కచెయ్యకపోవడమూ అదే. మారిందల్లా నష్టం ఎవరిదన్న సంగతి.

అన్నట్టు, ఆడవారికి పుట్టుకతో వచ్చే దోషాలని ఒక పాత నీతిశ్లోకం కొన్నిటిని లెక్కపెట్టింది. అబద్ధం తర్వాత రెండోది సాహసం. మగవాడికి కావలసిన ఆరు గుణాలను లెక్కపెట్టిన మరొక శ్లోకంలోనూ రెండోది సాహసమే. ఈ రెండు శ్లోకాలనూ ఒకే గురువుగారు ఒకే పూట వల్లె వేయించిన రోజులు ఉండే ఉంటాయి. ఇంట్లోవాళ్ళు వినలేదు కాబోలు.

ఇంత మారినా మాటను పూర్వవాసన విడిచిపెట్టలేదు. అది ఎక్కడ దాక్కొని ఉందో తెలుసుకోవడానికి నిఘంటువులు తిరగవెయ్యనక్కరలేదు. మన ఇళ్ళలో ఆ మాటను ఎవరు ఎవరితో అంటున్నారో కాస్త చెవి ఒగ్గి వింటే చాలు.

మనల్ని గురించి మనం చెప్పుకొనేటప్పుడు ఎలా వాడతామో చూడండి. పెద్దలకు వ్రాసే ఉత్తరంలో 'తమకీ లేఖ వ్రాయ సాహసించినందుకు మన్నించ ప్రార్థన' అంటాం. సీరియల్ నవలల్లో కథానాయకుడు నాలుగు వారాలు తటపటాయించి అయిదో వారం కలం పట్టుకొని, 'మీ చిరునామా సంపాదించి ఈ ఉత్తరం వ్రాసే సాహసం చేస్తున్నాను, కోపగించుకోరు కదూ' అంటాడు. అతను తన శౌర్యం చాటుకోవడం లేదు. గీత దాటాను, శిక్ష మీ చేతిలో ఉంది, అంటున్నాడు. అచ్చంగా పాత అర్థమే. కాదంటారా? 'నేను సాహసవంతుణ్ణి' అని మీరు పదిమందిలో అని చూడండి. అయినవాళ్ళయితే నవ్వుతారు, కానివాళ్ళయితే మొహాలు చూసుకొంటారు.

ఎదుటివారితో అనేటప్పుడు అది ఎప్పుడూ వారింపే. 'ఈ వయసులో నిచ్చెన ఎక్కే సాహసం పెట్టుకోకండి, ఎవరినైనా పిలుద్దాం.' 'ఒక్కదానివే రాత్రి బండికి బయలుదేరే సాహసం చెయ్యకమ్మా, తెల్లారి రా.' సాహసం చెయ్యి, అని ఏ తల్లీ బిడ్డతో అనగా నేను వినలేదు. అలా అన్నవాడు ఒకడు మాత్రం ఆంధ్రదేశమంతటికీ గుర్తున్నాడు. 1951లో విజయావారు తీసిన 'పాతాళభైరవి'లో నేపాళ మాంత్రికుడు. ఎస్.వి. రంగారావు గారి గొంతులో ఆ 'డింభకా' అనే పిలుపు వినని ఇల్లు లేదు. తోటమాలి కొడుకు రాముణ్ణి సాహసానికి పురికొల్పి, గుహలోకి తీసుకుపోయి, ఆ మాంత్రికుడు చెయ్యదలచింది ఏమిటి? అమ్మవారికి బలి ఇవ్వడం! విక్రమార్కుడి బేతాళకథలోనూ ఇదే తంతు. శవాన్ని మోసుకురమ్మని రాజును అర్ధరాత్రి శ్మశానానికి పంపిన భిక్షువు మనసులో ఉన్నది రాజు తలే. రాముడూ, రాజూ చివరికి ఎదురు తిరిగి అతణ్ణే బలి ఇచ్చారు గనుక మనకు కథ సుఖాంతమయింది. మొత్తానికి, ఎదుటివాణ్ణి సాహసం చెయ్యమనేవాణ్ణి మన కథలు మాంత్రికుడిగానో దొంగ సన్యాసిగానో చూపించాయంటే అది వట్టి కాకతాళీయం అనుకోను.

ఇక మూడోవాణ్ణి గురించి. ఇక్కడే ఆ మాటకు దండలూ దుశ్శాలువలూ. 'ఎంత సాహసం చేశాడండీ!' అని నోరారా మెచ్చుకొంటాం. ఐతే పని గట్టెక్కితేనే సుమా! బెడిసికొడితే దుస్సాహసమంటాం. ఈ దుస్సాహసమనే మాట వాడుకకు వచ్చిందంటేనే అసలు మాట మంచిదయిపోయిందని గుర్తు. పూర్వకాలంలో ఐతే అది 'చెడ్డ దొంగతనం' అన్నట్టు ఉండేది. 1991లో పి.వి. నరసింహారావు గారు ప్రధాని అయ్యారు. మా హుజూరాబాదుకు అవతల ఉన్న వంగర వారిది. ఆచితూచి మాట్లాడే మనిషి, మౌనానికే ఎక్కువ పేరు. అటువంటాయన హయాంలో ఆ జూలై మొదటి మూడురోజుల్లో రూపాయి విలువ రెండుసార్లు తగ్గింది, పరిశ్రమల లైసెన్సుల కట్లు ఊడిపోయాయి. మెచ్చినవారికి అది సాహసం, మెచ్చనివారికి దుస్సాహసం. పని ఒక్కటే. ఇప్పటికీ ఆ తగవు తీరలేదు.

తెలుగు పంతుల్ని గనుక ఒక చమత్కారం చెప్పకుండా ముందుకు పోలేను. మన వ్యాకరణంలో 'అతడు' ప్రథమ పురుష, 'నీవు' మధ్యమ పురుష, 'నేను' ఉత్తమ పురుష. ధర్మశాస్త్రంలో జుర్మానాలూ ప్రథమ, మధ్యమ, ఉత్తమ సాహసాలే. అతడు చేస్తే చప్పట్లు, నీవు చేస్తే వారింపు, నేను చేస్తే క్షమాపణ. జుర్మానా పెరిగే వరస కూడా అదే! పాణినికీ మనువుకూ ఈ ఊహ ఉందని నేననను. వరస కుదిరింది, అంతే.

ధైర్యం సంగతి వేరు. ధైర్యం ఉంటుంది, పోతుంది, చిక్కబట్టుకోవచ్చు, ఒకరికొకరు చెప్పుకోవచ్చు. ఆసుపత్రిలో మంచంమీద ఉన్నవాడికి ధైర్యం చెబుతాం గాని సాహసం చెప్పం. సాహసం ఇంకొకరికి అరువిచ్చే వస్తువు కాదు.

అచ్చతెలుగులో ఈ చోట ఉన్న మాట తెగువ. దీని వేరు 'తెగు'. తాడు తెగుతుంది, గట్టు తెగుతుంది, చెరువు తెగుతుంది. మనిషి తెగించాడంటే, వెనక్కు లాగే తాడు ఏదో తనే తెంపుకొన్నాడని అర్థం. పరువో, ప్రాణమో, పెళ్ళాంబిడ్డలమీద మమకారమో, ఏదో ఒక తాడు. తెగించినవాడికి తెడ్డే లింగమని సామెత. ఎంత చక్కని మాట! కాని ఇవాళ్టి పత్రికల్లో దాని గతి చూస్తే జాలి వేస్తుంది. దొంగలు దోపిడీకి 'తెగబడ్డారు', దుండగులు దాడికి 'తెగబడ్డారు' అని చదువుతాం. పిల్లవాడు ఏట్లో దూకి స్నేహితుణ్ణి కాపాడితే మాత్రం 'సాహసం'. సంస్కృతంలో నేరమని పుట్టిన మాటకు పతకాలు, తెలుగులో గుండెబలం అని పుట్టిన మాటకు పోలీసు ఠాణా! ఇంటి కోడలికి చాకిరీ, చుట్టపుచూపుగా వచ్చినామెకు పీట వేసినట్టుంది.

ఇంగ్లీషువారి అడ్వెంచర్‌ను మనం సాహసమని తర్జుమా చేసుకొన్నాం. అది కూడా సరిగ్గా అతికే మాట కాదు. ఆ మాటకు లాటిన్ మూలంలో అర్థం 'రాబోయేది', 'మీదికి వచ్చేది'. అడ్వెంచర్ మనిషికి ఎదురవుతుంది. సాహసం మనిషి చేస్తాడు. దూరప్రయాణాన్ని మనవాళ్ళు సాహసమనలేదు, యాత్ర అన్నారు. కాశీకి పోయినవాడూ కాటికి పోయినవాడూ ఒకటేనని తెలిసికూడా యాత్రే అన్నారు. ఇప్పుడు సాహస పర్యాటకమని, సాహస క్రీడలని వచ్చాయి. నడుముకు పటకా బిగించి, తీగమీద వేలాడదీసి, లోయకు ఈ కొసనుంచి ఆ కొసకు జారవిడుస్తారు. టికెట్టు కూడా ఉంది. తాడు తెగదన్న హామీ మీద చూపించే తెగువ! నేను తప్పు పట్టడం లేదు, పిల్లలకు సరదా.

ఆ ఇంగ్లీషు మాటకు ఒక వర్తకపు అర్థం ఉంది, అది మన చరిత్రతో ముడిపడినది. 1600 డిసెంబరు 31న లండను వర్తకులకు రాణి ఎలిజబెత్ పట్టా ఇచ్చింది. అదే మనం ఎరిగిన ఈస్టిండియా కంపెనీ. అందులో సొమ్ము పెట్టినవారిని అడ్వెంచరర్లు అనేవారు. సొమ్ము నష్టపోవడానికి ఒప్పుకొన్నవారన్నమాట. వాళ్ళు ఓడ ఎక్కనక్కరలేదు, ఉప్పునీళ్ళు చూడనక్కరలేదు. ఓడలెక్కి, చిగుళ్ళు కుళ్ళే రోగంతో నడిసముద్రంలో చచ్చిపోయినవాళ్ళు నావికులు, కూలివాళ్ళు. ఆ వర్తకపు అర్థం మన ఆదాయపు పన్ను శాసనాల్లోకి కూడా దిగింది. 1922 చట్టంలోనూ, తర్వాత 1961 చట్టంలోనూ 'వ్యాపారం' అనే మాటను నిర్వచించేచోట, వర్తకాన్ని పోలిన అడ్వెంచర్ కూడా వ్యాపారమే అని వ్రాశారు. ఎవరైనా లాభానికి అమ్మే ఉద్దేశంతోనే ఒక్కసారి ఒక్క జాగా కొని అమ్మినా, అది అడ్వెంచరేనని పన్ను అడగవచ్చు. పన్నుల ఆఫీసులో ఫైళ్ళమధ్య కూర్చున్న ఆ మాటకూ విక్రమార్కుడి ఖడ్గానికీ ఏం సంబంధమో దేవుడికి తెలియాలి.

సొమ్ము పెట్టినవాడికి బిరుదు, ఒళ్ళు పెట్టినవాడికి కూలి అనే ఈ పద్ధతి ఓడలతో పోలేదు. 2014 మే 25న నిజామాబాదు జిల్లా పాకాల గ్రామపు గిరిజన బాలిక మాలావత్ పూర్ణ ఎవరెస్టు శిఖరం ఎక్కింది. అప్పటికి ఆమెకు పదమూడేళ్ళ పదకొండు నెలలు. అంత చిన్న వయసులో ఆ శిఖరం ఎక్కిన ఆడపిల్ల అంతకు ముందు లేదు. ఖమ్మం జిల్లా కుర్రవాడు సాధనపల్లి ఆనంద్ కుమార్ కూడా ఆమెతో పాటు ఎక్కాడు. ఇద్దరూ సాంఘిక సంక్షేమ గురుకులాల్లో చదువుకొన్న పేదపిల్లలు. భువనగిరి బండల మీద మొదటి శిక్షణ. నేపాలు వైపు నుంచి పదహారేళ్ళు నిండనివారిని ఎక్కనివ్వరు గనుక టిబెట్టు వైపు నుంచి వెళ్ళారు. పాత నీతిశ్లోకం ఆడదాని దోషమన్న సాహసానికి, పొలంపనుల మీద బతికే ఇంట్లో పుట్టిన ఆడపిల్ల ఇంతకంటే జవాబు చెప్పలేదు. అది సాహసమే, ఇంకో మాట చాలదు. ఐతే అదే ఏడాది ఏప్రిల్ 18న, నేపాలు వైపు, అదే కొండమీద మంచు విరిగిపడి 16 మంది నేపాలీలు పోయారు. కొండ ఎక్కవచ్చే యాత్రికుల కోసం మూటలు మోస్తూ, దారి సిద్ధం చేస్తూ పోయారు వాళ్ళు. యాత్రికులు దాటే మంచే వాళ్ళూ దాటారు, అదీ ఒక్కసారి కాదు, మోత ఉన్నన్నిసార్లు. వాళ్ళ పనికి ఉద్యోగమని పేరు.

ఇప్పుడు మా ఊరి సంగతికి వస్తాను. జమ్మికుంట కాజీపేట నుంచి బల్హార్షా పోయే రైలుదారి మీద ఉంది. ఆ దారి 1929లో పూర్తయింది. ఎగువకు పోతే రామగుండం, మంచిర్యాల, బెల్లంపల్లి. బొగ్గు వ్యాగన్లు పగలూ రాత్రీ మా గుమ్మం ముందునుంచే పోతాయి. మా కరీంనగరం జిల్లా బతుకును మూడు ముక్కల్లో చెప్పే వాడుక ఒకటి ఉంది: బొంబాయి, బొగ్గుబాయి, దుబాయి. ప్రాసకోసం కూర్చిన మాటల్లా ఉన్నా మూడూ మూడు తరాల కథ.

బొంబాయి పాతది. మన కామాటులు 18వ శతాబ్దం చివరనుంచీ అక్కడికి ఇళ్ళు కట్టే పనికి పోయారు. కామాటిపురా పేటకు ఆ పేరు వాళ్ళవల్లే వచ్చింది. తర్వాత సాలెవారు మగ్గాలు వదిలి భీవండి మరమగ్గాలకు పోయారు. బొగ్గుబాయి అంటే సింగరేణి. 1920లో ఆ పేరుతో కంపెనీ ఏర్పడింది. 1960 దశకం నుంచి గోదావరిఖని చుట్టుపక్కల ఊళ్ళే గనులయ్యాయి. పుస్తకాల్లో గని అని వ్రాస్తాం గాని ఇక్కడ ఎవరూ గని అనరు. 'బాయికి పోతున్న' అంటారు, ఇంటి వెనక బావికి నీళ్ళకు పోతున్నట్టు. 2003 జూన్ 16న గోదావరిఖని 7 ఎల్ఇపి గనిలోకి నీళ్ళు విరుచుకుపడి 17 మంది తిరిగి రాలేదు. కొన్నాళ్ళకు మిగిలినవాళ్ళు మళ్ళీ బాయి దిగారు. దిగినవాళ్ళను గురించి ఎవరూ ఏమీ వ్రాయలేదు. దిగడం వాళ్ళ హాజరీలో చేరింది.

దుబాయి 1970 దశకపు చమురు ధరల తర్వాత వచ్చింది. సౌదీ పోయినా, మస్కట్ పోయినా, కువైట్ పోయినా మావాళ్ళ నోట దుబాయే. మూడు రూపాయల మిత్తికి అప్పు తెచ్చి, ఏజెంటు చేతిలో పోసి, ఇంగ్లీషులోనో అరబ్బీలోనో ఉన్న కాగితం మీద వేలిముద్ర వేసి, ఎన్నడూ చూడని విమానం ఎక్కుతాడు మనిషి. చెప్పిన పని ఒకటి, అక్కడ ఇచ్చేది ఒకటి. పాసుపోర్టు యజమాని బీరువాలోకి పోతుంది. అక్కణ్ణుంచి తప్పించుకొని చాటుమాటుగా పని చేసుకొనేవాణ్ణి 'ఖల్లివల్లి' అంటారు. వెళ్ళేరోజు తల్లి అనేది ఒకే మాట: 'పైలం బిడ్డా.' పదిలం అనే మాటే నలిగి పైలం అయింది.

ఒకసారి మా తరగతిలో 'సాహసించు' అనే మాటతో సొంతవాక్యాలు వ్రాయమన్నాను. ఎవరెస్టు వచ్చింది, సరిహద్దు సైనికులు వచ్చారు, వరదలో దూకినవాళ్ళు వచ్చారు. ఒక అమ్మాయి ఇంట్లో చెప్పకుండా సినిమాకు పోవడాన్ని వ్రాసింది, ముచ్చటేసింది. ఆ తరగతిలో తండ్రో అన్నో గల్ఫులో ఉన్నవాళ్ళు ఒక వరసకు సరిపడా ఉన్నారు. ఒక్కరి వాక్యంలోనూ వాళ్ళు రాలేదు. ఎందుకు రాలేదని అడిగితే వెనక బెంచీ కుర్రవాడు లేచి, తెల్లబోయినట్టు, "అది సాహసం ఎట్లయితది సార్? అందరు పోతరు గదా!" అన్నాడు. నేను జవాబు చెప్పబోయేలోగా గంట కొట్టారు. చెప్పినా ఏం చెప్పేవాణ్ణో? మా బంధువొకాయన పదకొండేళ్ళు రియాదు ఎండలో తాపీపని చేసివచ్చాడు. ఆయన ముందు సాహసమనే మాట ఎత్తితే, "గదేం ముచ్చట? అప్పున్నది, పోయిన" అన్నాడు, చుట్ట ఆర్పకుండానే.

పత్తి సంగతి కూడా అంతే. మాది పేరుమోసిన పత్తి మార్కెట్టు. ఎర్రచెలకల్లో మిరుగు ఇంకా పూర్తిగా దిగకముందే, మొగులు వంక చూసి, పొడిదుక్కిలో గింజ పెట్టేవాళ్ళు ఏటా కనబడతారు. వాన పడితే వారం ముందున్నట్టు. పడకపోతే గింజ భూమిలోనే మాడిపోతుంది. మళ్ళీ పాకెట్లు కొనాలి, మళ్ళీ అప్పు. 2002లో బి.టి. పత్తికి మన దేశంలో అనుమతి వచ్చాక కాయతొలిచే పురుగు బాధ తప్పిందనుకొన్నారు. కొన్నేళ్ళకు గులాబీ పురుగు దాన్ని కూడా అలవాటు చేసుకొంది. ఇన్ని గండాలు దాటి పంట మార్కెట్టు యార్డుకు వస్తే అక్కడ తేమ కొలిచే యంత్రం. పత్తి సంస్థవారి లెక్కలో తేమ 8 శాతం దాటితే ధరలో కోత, 12 దాటితే కొనుగోలే లేదు. రాత్రి కురిసిన మంచు కూడా పద్దులోకి వస్తుందన్నమాట. కొనేవాడికీ గండం లేకపోలేదు. ఖరీదు చేసిన వ్యాపారి రేపు దూది ధర పడితే మునుగుతాడు. పన్ను శాసనం మాటల్లో అడ్వెంచర్ చేస్తున్నది అతడే. పొడిదుక్కిలో గింజ పెట్టినవాడి పనికి ఏ శాసనంలోనూ ఆ పేరు లేదు.

రైతును పొగడవలసివచ్చినప్పుడు సభల్లో మనం సాహసి అంటాం. వేదిక మీద ఉన్నవాళ్ళం అంటాం. అతడు కింద కూర్చొని వింటాడు. వినడానికి బాగానే ఉంటుంది గాని, అంత తెగించకుండా బతికే దారి అతనికి ఎందుకు లేదు అనే ప్రశ్న ఆ చప్పట్లలో వినబడకుండా పోతుందేమోనని నా అనుమానం. సాహసికి సాయం చెయ్యాలని ఎవరికి తోస్తుంది?

పత్తి అమ్ముకొనేచోట ఆ పాత తెలుగుమాట మాత్రం ఇంకా బతికే ఉంది. బేరం కుదరడాన్ని మనం తెగడం అంటాం. అడ్తిదారు దుకాణం ముందు బస్తాలు దించి, కాంటా పెట్టి, గుప్పెడు పత్తి పీకి వేళ్ళమధ్య లాగి చూసి, ఒకరు ఒకటి చెప్పి, ఇంకొకరు ఇంకొకటి చెప్పి, చివరికి ఒక అంకె దగ్గర ఆగుతారు. చీకటి పడేవేళకు ఖాళీ ట్రాలీలు ఊళ్ళదారి పడతాయి. అరుగుల మీద కూర్చున్నవాళ్ళు పలకరింపుగా అడిగేది అదొక్కటే: "ఎంతకు తెగిందే?"